గుంజ దాకా పోని పడవ

తెల్లరాళ్ళ సరస్సు
సెప్టెంబరు 2, 1951

బావా సైలస్,

నేను ఓబద్యాని. బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉన్నావని విమానం నడిపేవాడు చెప్పాడు. క్షయ ఆసుపత్రిలో తెల్ల దుప్పటి కప్పుకుని, పడుకున్న చోటికే తిండి తెప్పించుకుంటున్నావట. పోయిన నా చెల్లెలు రూతు నీకు చెయ్యని సేవలన్నీ దక్షిణాది తెల్ల నర్సుల చేత చేయించుకుంటున్నావు. దగ్గు తగ్గిందని చెప్పకు, బయటికి తోసేస్తారు.

నా రాత సంగతి నీకు తెలుసు. మా అమ్మ బొగ్గుతో బెరడు మీద నేర్పిన గుర్తులే నాకు వచ్చినవి. చదవలేకపోతే తప్పు నీ కళ్ళది.

ఎల్లుండి బయల్దేరుతున్నాం, నేనూ నీ కొడుకు ఎనోసూ. తొమ్మిది రోజుల పడవ దారి. పదకొండు చోట్ల పడవని నెత్తికెత్తుకుని నడవాలి. పై సరస్సు మెరక మీదికి తెల్లచేప గుడ్లు పెట్టడానికి వచ్చే వేళకి నా వలలు నీళ్ళలో ఉండాలి. పదిహేను వందల చేప కావాలి. కర్రకి పది చొప్పున తోకలు గుచ్చి పందిరికి వేలాడదీస్తే చలికాలమంతా కుక్కలకి తిండి. మంచుబండి లాగేవి ఏడు కుక్కలు. మొన్నటిదాకా ఎనిమిది. ఎనిమిదోది కుంటింది, మిగతా ఏడూ దాన్ని చీల్చి తినేశాయి. నేను కొరడాతో వెళ్ళేసరికి తోక మిగిలింది.

నీ కొడుకు గురించి అడిగావట. భుజాలు నీవి కావు, మా వైపువి. జూలైలో నాట్యాల దగ్గర ఒకడు నిన్ను దగ్గుముసలి అన్నాడని వాడి పళ్ళు మూడు రాలగొట్టాడు. ఒక పన్ను తెచ్చి నాకు చూపించాడు. నవ్వాను. నాకు అబద్ధం రాదు.

నువ్వు లేని లోటు ఒకటే, తిట్టడానికి మనిషి లేడు. నువ్వు ఎక్కిన పడవకి వల అక్కర్లేదు, నిన్ను చూసి చేపలు నవ్వి చస్తాయి అంటే నువ్వు తిరిగి నా మొహం గురించి ఏదో అనేవాడివి. నీ కొడుకు అనడు. ఊరికే చూస్తాడు.

ఇంత రాయడం వల అల్లడం కంటే కష్టం. ఆపుతున్నా.

నీ బావ ఓబద్యా


క్షయ ఆసుపత్రి, రెండో అంతస్తు
సెప్టెంబరు 24

బావా,

నీ ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టింది. నా కళ్ళది కాదు తప్పు. కోడి కాళ్ళకి మసి పూసి కాగితం మీద తోలినట్టుంది. అయినా మూడుసార్లు చదివాను.

ఇక్కడ శుక్రవారం చేప పెడతారు. అది ఏ నీటిదో దానికే తెలియదు. ఎముక లేదు, తల లేదు, పొట్టలో కొవ్వు లేదు. తడిసిన గుడ్డ నమిలినట్టుంటుంది. నిప్పు మీద కాల్చిన తెల్లచేప బుగ్గమాంసం తలుచుకుని మింగుతాను. పక్క మంచంవాడు నిన్న పొద్దున గంజి తాగుతూ తాగుతూ గిన్నె నిండా రక్తం కక్కాడు. మధ్యాహ్నానికి ఆ మంచం మీద ఇంకొకడున్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఆ పన్ను సంగతికి నువ్వు నవ్వావు, నేను నవ్వలేదు. రూతు పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, మా పుట్టింటి చెయ్యి వీడికి రానివ్వకు అని. మీ నాన్న కోపంలో ఒక మనిషిని ఏం చేశాడో నువ్వూ నేనూ మర్చిపోలేదు. మనిషి మీద మళ్ళీ చెయ్యెత్తితే ఎనోస్ నా కొడుకు కాడు. ఈ ముక్క వాడికి చదివి వినిపించు. నా ఊపిరితిత్తి ఒకటి పోయింది, రెండోది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. శుభ్రమైన చేతులతో వాడు వచ్చి నా మంచం పక్కన కూర్చోవాలి. ఇంకేమీ అడగను.

నీ చెయ్యి గురించి రాయను. అది ముసలిదైపోయింది. దాని శాంతం అంతే.

సైలస్


తెల్లరాళ్ళ సరస్సు
నవంబరు 14

బావా,

నీ ఉత్తరం అంగట్లో నెల రోజులు పడుంది. మేము దిగొచ్చాక అందింది. అప్పటికి నువ్వు చదివి వినిపించమన్న ముక్క వినిపించడానికి వేళ మించిపోయింది.

జరిగింది రాస్తున్నా. చేప బాగా పడింది. అక్టోబరు మొదటి వారంలో వలకి ఎనభై, తొంభై. నీళ్ళు తెల్లగా మరిగినట్టు ఉండేవి. చేతులు పగిలి రక్తం కారి వల తాళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తరవాత ఒక పొద్దున ఒడ్డు వైపు వల చూస్తే తేడాగా ఉంది. బెండ్లు మెలితిరిగి ఉన్నాయి. ఎవడో ఎత్తి మళ్ళీ దింపాడు. మర్నాడూ అంతే. ఆకలేసినవాడు పరాయి వల ఎత్తుకోవచ్చు, అది మనకి తెలిసిందే. ఎత్తినవాడు పచ్చి కొమ్మ బెరడుతో ముడేసి, ఎన్ని చేపలు తీశాడో అన్ని ముడులు కట్టి పోవాలి, అదీ తెలిసిందే. వల మొదటి బెండు చూశాను. ముడి లేదు. నడిమి బెండ్లు చూశాను. లేదు. అంటే దొంగ.

నాలుగో రోజు పొద్దున దొరికాడు. నీళ్ళలో పెనుగులాట అయింది. తెడ్డు దెబ్బ మెడ మీద పడింది. రెండు రోజులు మా గుడారంలో కొట్టుకుని పోయాడు. పేరు ఆమోస్, ఎగువ సరస్సు మనిషి. మంచి రాయి పెట్టి పూడ్చాం, నక్కలు తవ్వవు.

నవంబరు రెండున పోలీసు విమానం దిగింది. ఎనోస్‌ని తీసుకుపోయారు. వాడు ఏడవలేదు, నన్ను కౌగిలించుకోలేదు, కుక్కల గురించి రెండు ముక్కలు చెప్పి ఎక్కేశాడు.

నా ఎడమ చెవి సగం లేదు. కుక్కలు పీకాయి. నొప్పి తగ్గింది.

వాడి మీద కోపం పెట్టుకోకు. చేప తొమ్మిది వందలే వచ్చింది.

ఓబద్యా


క్షయ ఆసుపత్రి
డిసెంబరు 19

ఓబద్యాకి,

బావా అని రాయడానికి కలం కదలడం లేదు.

నీ ఉత్తరం కంటే ముందు జైలునుంచి పాదిరి ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ళు వేశారట. పాదిరి కాగితం అడుగున ఎనోస్ మన గుర్తుల్లో స్వయంగా రాశాడు: "నాన్నా, నేనే కొట్టాను." అంతే. ఎందుకో లేదు. తప్పయిందని లేదు. వాడు నీ దగ్గర పెరిగాడు, అందుకే.

చేపల కోసం మనిషిని చంపాడు. కుక్కల తిండి కోసం. నువ్వు పక్కనే ఉన్నావు కదా. నీ కాళ్ళు ఎక్కడున్నాయి? నీ నోరు ఎక్కడుంది? పంతొమ్మిదేళ్ళప్పుడు నువ్వు ఎలుగుబంటి మీద పడబోతుంటే నేను వెనకనుంచి జుట్టు పట్టి లాగాను. నువ్వు నా కొడుకు జుట్టు పట్టి లాగలేకపోయావు.

వాడికి జవాబు రాశాను. నాకు కొడుకు లేడని రాశాను. రూతు మాట పోయిందని రాశాను. రాశాక దగ్గు వచ్చింది, దుప్పటి మారుస్తూ నర్సు నన్నే తిట్టింది.

నీ చెవికి నేను ఏడవను.

సైలస్


తెల్లరాళ్ళ సరస్సు
జనవరి 20, 1952

బావా,

నువ్వు రాయకపోయినా నేను బావా అనే రాస్తాను. ఆ మాట నువ్వు ఇచ్చింది కాదు, నా చెల్లెలు ఇచ్చింది.

నీ ఉత్తరం చదివి కాగితం పొయ్యిలో పెట్టాను. సగం కాలాక చేత్తో తీశాను. వేళ్ళు కాలాయి. కొడుకు లేడని రాసే ముందు నన్ను అడిగి ఉండాల్సింది. నీకెప్పుడూ తొందరే.

దొంగ అని రాశాను కదా. అది కొట్టేస్తున్నా. ఆమోస్ దొంగ కాదు. పైన ఉరవడిలో వాళ్ళ పడవ రాళ్ళకి తగిలి రెండు ముక్కలైంది. తుపాకి, సామాను, వల అన్నీ పోయాయి. పెళ్ళాం హన్నాకి మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది. ఆమెని గుట్ట వెనక కొమ్మల గుడిసెలో పెట్టి, నడిచి నడిచి, ఒడ్డున మా వల తాడు కట్టిన గుంజ దగ్గరికి వచ్చాడు. ఒడ్డునుంచి చెయ్యి అందినంత మేర వల లాక్కుని రెండో మూడో చేపలు తీసుకునేవాడు. ముడులు కట్టాడు. ఒడ్డు గుంజకి కట్టాడు. మూడు రోజులవి మూడు బెరడు ముక్కలు, లెక్క తప్పకుండా.

మనం పడవ మనుషులం, బావా. నీటి వైపు బెండు దగ్గర మొదలెట్టి వల తడుముకుంటూ వస్తాం. ఒడ్డు దగ్గర చివరి నాలుగు బారలు నాచు, చేప తక్కువ. అక్కడినుంచి పడవ తిప్పేస్తాం. గుంజ దాకా ఎవడు పోతాడు? నువ్వు పోయావా ఎప్పుడైనా? నడిచి వచ్చినవాడు గుంజకే కడతాడని ఎవడికి తడుతుంది?

చెవి కుక్కలు పీకలేదు. ఆమోస్ పోయాక హన్నాని వెతికి పట్టుకున్నాం. మొగుడి టోపీ నా చేతిలో చూసి, పడుకున్నదల్లా లేచి గొడ్డలి విసిరింది. తల పక్కకి తిప్పబట్టి చెవితో పోయింది. ఆమెని ఎనోస్ వీపున వేసుకుని పదకొండు మోతలూ మోశాడు. తొమ్మిది రోజులు వాడి భుజం కొరుకుతూనే ఉంది. చొక్కా రక్తంతో అట్టకట్టింది. వాడు ఒక్కసారి కూడా దింపలేదు.

ఇలాంటివాణ్ణి కొడుకు కాదనకు.

ఓబద్యా


క్షయ ఆసుపత్రి
మార్చి 1

ఓబద్యాకి,

నువ్వు ఇదంతా వాడిని వెనకేసుకు రావడానికి రాశావు. నాకు మాత్రం ఇంకా పెద్దది చెప్పావు. దొంగని కొట్టాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ముడి కట్టినవాణ్ణి కొట్టాడు. కుంటి పెళ్ళానికి రెండు చేపలు తీసుకెళ్తున్నవాడి మెడ విరిచాడు. తరవాత ఆమెని మోశాడట. మొయ్యక ఏం చేస్తాడు?

వాడు నాకు మళ్ళీ రాయలేదు. జైల్లో ఎవడో రేకు ముక్కతో వాడి పొట్ట కోశాడని పాదిరి రాశాడు. కుట్లు వేశారట. వాడు తిరిగి చెయ్యెత్తలేదట. పాదిరి అది గొప్పగా రాశాడు. ఇప్పుడు ఎత్తకపోతే ఎవరికి కావాలి?

ఏప్రిల్ నాలుగున నన్ను కోస్తారు. పక్కటెముకలు ఐదు తీసి చెడిన ఊపిరితిత్తిని నొక్కేస్తారట. ఈ అంతస్తులో మొన్న ముగ్గుర్ని తీసుకెళ్ళారు, ఒకణ్ణి తిరిగి తెచ్చారు. నేను పోతే నన్ను ఎక్కడ పూడ్చారో ఎనోస్‌కి చెప్పొద్దని వాళ్ళ ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేశాను. నీకూ చెప్తున్నాను, తెలిసినా చెప్పకు.

సైలస్


తెల్లరాళ్ళ సరస్సు
మార్చి 16

బావా,

ఇది నెమ్మదిగా చదువు. నేనూ నెమ్మదిగా రాస్తున్నాను.

కొట్టింది నేను.

ఆ పొద్దున ఎనోస్ నాతో లేడు. పందిరి దగ్గర చేపలు చీలుస్తున్నాడు. నేనొక్కణ్ణే రాతి ముక్కు చాటున పడవ ఆపుకుని కూర్చున్నాను. నీటి మీద పొగమంచు మోకాలెత్తున ఉంది. వల తాడు కదిలింది. ఒడ్డు దగ్గర ఒక మనిషి నడుం లోతులో నించుని లాక్కుంటున్నాడు. వీపు నావైపు. పక్కన పడవ లేదు. పడవ లేనివాడు దొంగతనానికి ఎక్కణ్ణుంచి వస్తాడు అని నా బుర్రకి తట్టలేదు. కేక వెయ్యలేదు. వేస్తే తిరిగేవాడు, మొహం కనపడేది, నోరు విప్పేవాడు. నాకు అవేవీ అక్కర్లేదు ఆ క్షణాన. నా మెరక మీద, నా వల మీద ఇంకొకడి చెయ్యి. అంతే కనపడింది.

పడవ దానంతటదే జారి దగ్గరికి పోయింది. లేచి నించున్నాను. డెబ్బై రెండేళ్ళ వయసులో పడవలో నించుని రెండు చేతులా తెడ్డు ఎత్తాను. పలక వైపు కాదు, అంచు వైపు తిప్పాను. ఆ తిప్పడం నా చేతికి తెలిసే చేసింది. మెడ మీద వేశాను. ఎండు కర్ర విరిగిన చప్పుడు. వాడు వలలో పడి చుట్టుకున్నాడు. మళ్ళీ వేశాను. మూడోసారీ వేశాను, అప్పటికి వాడు కదలడం లేదు.

ఎనోస్ నీళ్ళలో పరిగెత్తుకుంటూ వచ్చి తెడ్డు పట్టుకున్నాడు. "చాలు మామయ్యా, చచ్చిపోతాడు, వదులు" అన్నాడు. మోచేత్తో వాడి మొహం మీద కొట్టాను. ముక్కునుంచి రక్తం ధారగా పోతూనే వాడు కత్తి తీసి వల కోశాడు, ఆ మనిషి తల నీళ్ళపైకి ఎత్తాడు. అప్పుడు నేను అరిచాను. "వల కొయ్యకురా" అని అరిచాను, బావా. మనిషి మెడ విరిగి తేలుతుంటే నా నోట వచ్చిన మొదటి మాట అది.

వాణ్ణి ఒడ్డుకి లాగుతుంటే ఎనోస్ చెయ్యి గుంజకి తగిలింది. ముడులు వాడే చూశాడు. విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ రెండు రోజులూ ఆమోస్ నోట్లో చెంచాతో చేప పులుసు పోసింది వాడే. మింగుడు పడలేదు, అంతా గడ్డం మీంచి కారిపోయేది.

పోలీసు వచ్చినప్పుడు మా ఇద్దరిలో ఇంగ్లీషు తెలిసినవాడు నీ కొడుకే. వాడు ఏదో చెప్పాడు, చాలాసేపు చెప్పాడు. ఆ పోలీసు ఇనప కడియాలు తీసి వాడి చేతులకి వేశాడు. అప్పుడు తెలిసింది వాడు ఏం చెప్పాడో. తల అడ్డంగా ఊపడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఊపలేదు. కుర్రాడు, నాలుగేళ్ళు ఓర్చుకుంటాడు, నేను అక్కడే చస్తాను అనుకున్నాను. విమానం ఎక్కే ముందు రేవు మెట్టు మీద వాడు నాతో అన్నది అదే: "నువ్వు గోడల మధ్య ఉండలేవు మామయ్యా." నేను భయపడలేదు అని ఇక్కడ రాశాను, కొట్టేశాను. భయపడ్డాను.

నీకు నవంబరు ఉత్తరంలో దెబ్బ పడింది అని రాశాను. ఎవడి దెబ్బో రాయలేదు. నువ్వు కొడుకుదనుకున్నావు, అనుకోనిచ్చాను. జనవరిలో రాసినప్పుడు నిజం సగందాకా వచ్చి తిప్పేశాను. నన్ను ఊళ్ళో ఒక్కడు కూడా అబద్ధాలకోరు అనలేదు ఇన్నేళ్ళలో. అది పోతుందని.

విమానం గురువారం వస్తుంది. ఈ కాగితం నడిపేవాడి చేతిలో పెట్టి, ఆసుపత్రిలో నీ చేతికే ఇవ్వమని చొక్కా పట్టుకుని చెప్తాను. కత్తి ముందా, కాగితం ముందా నాకు తెలియదు. ముందు కాగితం అందితే ఆ వేలిముద్ర చించెయ్. కొడుక్కి రాయి. నాకు రాయకు.

శుక్రవారం కుక్కలు కట్టుకుని పోలీసు ఠాణాకి పోతున్నాను. ఐదు రోజుల దారి, సరస్సుల మీద మంచుగడ్డ ఇంకా గట్టిగానే ఉంది. ఇంగ్లీషు రాదు కనక ఆ తెడ్డు పట్టుకెళ్తున్నాను. ఎలా కొట్టానో చేసి చూపిస్తాను.

ఓబద్యా


క్షయ ఆసుపత్రి
ఏప్రిల్ 27

ఓబద్యాకి,

ఇది నీకు ఎనోస్ ఉన్న జైల్లోనే ఇస్తారు. కుడి చెయ్యి ఎత్తలేను, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇప్పుడు మన ఇద్దరి రాతా ఒకటే.

నీ కాగితం రెండో తారీకున వచ్చింది. ఆ విమానం మనిషిని నువ్వు ఏం బెదిరించావో గాని, నర్సుని తోసుకుని లోపలికి వచ్చి నా దుప్పటి మీద పెట్టి పోయాడు. చదివాను. నీ పేరు పెట్టి పిలిచి ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టాను, గోడ అవతల వాళ్ళు విన్నారు. తరవాత ఆ వేలిముద్ర కాగితం తెప్పించి నోట్లో పెట్టుకుని నమిలాను. చించడానికి చేతుల్లో బలం లేదు. ఎనోస్‌కి రాశాను. ఏం రాశానో అది నీకు చెప్పను.

నాలుగున కోశారు. ఐదు తీశారు. బతికాను. ఊపిరి తీసినప్పుడల్లా లోపల రంపం ఆడుతుంది.

నీ సంగతి పాదిరి రాశాడు. ఠాణాలో నువ్వు తెడ్డు ఎత్తేసరికి మీదికి వస్తున్నావనుకుని ఇద్దరు పోలీసులు పడి నీ మణికట్టు విరిచారట. పిచ్చి ముసలాడని రెండు రోజులు గొలుసు వేసి ఉంచారట. గొలుసు విప్పాక కూడా తెడ్డు వదలకుండా గుమ్మం ఎదురుగా కూర్చున్నావట. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు రెండు తెగాయి. అదీ నీ ఖాతాలోదే.

ఇప్పుడు నీ వాంగ్మూలం తీసుకుంటారట. ఆ జైల్లో మన మాట, వాళ్ళ మాట రెండూ తెలిసినవాడు ఎనోస్ ఒక్కడే. వాణ్ణే తెచ్చి నీ పక్కన కూర్చోబెడతారు. నువ్వు చెప్పింది వాడు తగ్గించి చెప్పాలని చూస్తాడు. పుట్టుక అలాంటిది, రూతు పోలిక. అందుకే వాడికి ఒక ముక్క గట్టిగా రాశాను: మీ మామయ్య అంచు వైపు అంటే అంచు వైపు అని చెప్పు. మూడుసార్లు అంటే మూడుసార్లు అని చెప్పు. వల కొయ్యకురా అన్నది కూడా వదలకు.

నువ్వు ఆగి ఆగి చెప్పు, బావా. వాడికి అందేలా.

సైలస్